గాలిని ఆరో వంతు చేయలేం

(విజయనగరంలో కళాశాల విద్యార్థులు, మోడల్ విమానాల మీద ఆసక్తి ఉన్నవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఇందాక మీరంతా లోపలికి వస్తున్నప్పుడు ఒక పాప ఈ బల్ల దగ్గర ఆగి, విమానం రెక్కని వేలితో మీటింది. "తాతగారూ, డప్పులా మోగుతోంది" అంది. వాళ్ళ అమ్మగారు కంగారుపడి చెయ్యి లాగేశారు గానీ, నాకు మాత్రం చాలా సంతోషమేసింది. రెక్క సరిగ్గా బిగిసిందో లేదో నేనూ అలాగే మీటి చూసుకుంటాను. ఆ మోత సంగతి కాసేపాగి చెప్తానమ్మా.

మూడు లాంతర్ల దగ్గర నాకు మోటార్ల వైండింగ్ షాపు ఉండేది. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. 1983లో ఒక పెళ్ళికని హైదరాబాద్ వెళ్ళి, బేగంపేటలో కంచె ఇవతల నిలబడి ఒక చిన్న విమానం దిగడం చూశాను. పెద్ద విమానంలా ఉరుముతూ రాలేదు. ఇంజను చప్పుడు తగ్గించుకుని, దారం వదులు చేసిన గాలిపటంలా మెల్లగా కిందికి జారి, తోక దించుకుని వాలింది. దాని పేరు పుష్పక్ అని పక్కనున్నాయన చెప్పారు. ఈ బల్ల మీద ఉన్నది అదే, ఆరో వంతు కొలతల్లో.

పుష్పక్ మన దేశంలో తయారైనదే. బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ చేసింది. 1958 సెప్టెంబరు 28న మొదటిసారి ఎగిరింది. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. రెక్క నెత్తి మీద ఉంటుంది, ముక్కులో 90 గుర్రాల శక్తి గల కాంటినెంటల్ ఇంజను, ఒంటికి బట్ట తొడుగు. అమెరికాలోని ఏరాంకా చీఫ్ అనే విమానానికి దగ్గర పోలిక. 150 దాకా తయారై దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు వెళ్ళాయి. ఎంతోమంది పైలట్లకు చెయ్యి తిరిగింది దాని మీదే.

మోడల్ అనగానే మన కుర్రాళ్ళకి సుఖోయ్ కావాలి, తేజస్ కావాలి. ఆ సరదా నాకు తెలుసు. కానీ మొదటి స్కేల్ మోడల్‌కి ఇలాంటి తేలికపాటి విమానమే ఎంచుకోండని గట్టిగా చెప్తాను. పెద్ద రెక్క, పొడుగు తోక, తక్కువ వేగం. తప్పు చేస్తే దిద్దుకోవడానికి మనకి ఒక క్షణం టైమిస్తుంది. యుద్ధ విమానం ఆ క్షణం ఇవ్వదు.

నేను చేసేది స్పోర్ట్ స్కేల్ మోడల్. అంటే ఏమిటని అడుగుతారు. అసలు విమానంలోని ప్రతి మేకునీ లెక్కపెట్టి చేసేది వేరే పని. స్పోర్ట్ స్కేల్లో ఆకారం, కొలతల నిష్పత్తి, రంగులు అసలుదాన్ని పోలి ఉండాలి, ఆ పైన అది ఆదివారం ఆదివారం హాయిగా ఎగరాలి. అమెరికా పోటీల్లో ఈ తరగతి మోడల్‌ని నేల మీద పరీక్షించేటప్పుడు సుమారు 15 అడుగుల దూరం నుంచే చూసి మార్కులు వేసే పద్ధతి ఉంది. ఆ దూరంలో కనిపించనిదాని కోసం బరువు పెంచక్కర్లేదు. ఈ ఒక్క మాట నాకు ముందే ఒంటబట్టి ఉంటే నా మొదటి పుష్పక్ పోయేది కాదు.

లెక్క దగ్గరికి వద్దాం. పుష్పక్ రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి 36 అడుగులు. ఆరో వంతు చేస్తే 6 అడుగులు. మన మిద్దె మెట్లు ఎక్కించగలం, రెక్క విప్పితే ఆటోలో పట్టుకెళ్ళగలం. పొడవు 21 అడుగులు, అంటే మనకి మూడున్నర అడుగులు. ఇంతవరకు భాగహారమే.

ఇంట్లో బియ్యం డబ్బా ఊహించుకోండి. అదే ఆకారంలో ఎత్తు, వెడల్పు అన్నీ ఆరో వంతుకి తగ్గించిన చిన్న డబ్బా ఇంకొకటి. పెద్ద డబ్బాకి రంగు వేయాలంటే చిన్నదానికి పట్టినదానికి 36 రెట్లు పడుతుంది. బియ్యం మాత్రం 216 రెట్లు పడతాయి. విమానం కూడా అంతే. రెక్క వైశాల్యం 36వ వంతుకి, బరువు 216వ వంతుకి దిగాలి. పుష్పక్ ఇద్దరు మనుషులతో, పెట్రోలుతో ఎగిరేటప్పుడు గరిష్ఠ బరువు 613 కిలోలు. 216తో భాగించండి. 2 కిలోల 840 గ్రాములు వస్తుంది. అదే మన లక్ష్యం. ఆ అంకెని నేను షాపు గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకున్నాను.

పొడవు తగ్గించాం, బరువు తగ్గించాం. గాలి సంగతేమిటి? బేగంపేటలో పుష్పక్ ఏ గాలిలో ఎగిరిందో, మన ఊళ్ళో ఈ మోడల్ కూడా అదే గాలిలో ఎగరాలి. గాలిని ఆరో వంతు చేయలేం. అసలు విమానం రెక్క వెడల్పు దాదాపు ఐదడుగులు. దాని మీద గాలి నున్నగా అంటుకుని జారుతుంది. మన రెక్క వెడల్పు పది అంగుళాల లోపే, వేగమూ తక్కువ. అదే గాలి దీనికి కొంచెం చిక్కగా, జిగటగా తగులుతుంది. ఇంజనీరింగ్ పిల్లలు రెనాల్డ్స్ సంఖ్య అని చదువుకునే ఉంటారు. అసలు విమానం దిగే వేగంలో అది సుమారు 25 లక్షలైతే, దీనికి లక్షన్నర, లక్షా డెబ్బై వేలు. అందుకే చిన్న రెక్క మీద నుంచి గాలి తొందరగా విడిపోతుంది. రెక్క పట్టు తప్పుతుంది, అదే స్టాల్.

కాబట్టి కొన్ని చోట్ల కొలతని పక్కన పెట్టి గాలి మాట వినాలి. ఈ తోక పలక చూడండి. అసలు కొలత కన్నా నూటికి 15 వంతులు పెద్దది చేశాను. పక్కన ఫొటో పెట్టి చూస్తే తప్ప తెలియదు. రెక్క చివరల్ని రెండు డిగ్రీలు కిందికి మెలితిప్పాను, రెక్క మొదలు పట్టు తప్పినా చివరలు పట్టు వదలకుండా. మోటారుని రెండు డిగ్రీలు కుడికి, రెండు డిగ్రీలు కిందికి తిప్పి బిగించాను. ఇవి అసలుదానికి అచ్చంగా నకలు కావు. ఇలా చేయడం మోసం అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నేనలా అనుకోను. పుష్పక్ నేల మీద ఎలా కనిపించేదో అది ఒక పోలిక. ఎలా వాలేదో అది ఇంకొక పోలిక. రెండోదాని కోసమే నేను ఈ పనిలోకి వచ్చాను.

ఇక కర్ర. ఇది బాల్సా. ఎక్కువగా ఈక్వెడార్ నుంచి వస్తుంది. ఘనమీటరు టేకు 650 కిలోల దాకా తూగితే, మంచి బాల్సా 150 కిలోల లోపే. మా వీధి వడ్రంగి మేస్త్రి మొదటిసారి పలక చేతిలోకి తీసుకుని, "ఇది కర్రేటి బాబూ, బెండు కదా!" అన్నాడు. కానీ ఒకే పెట్టెలో వచ్చిన రెండు పలకలు ఒకేలా ఉండవు. ఒకటి రెండోదానికి రెట్టింపు బరువుంటుంది. షాపువాడు ఇచ్చినట్టే వాడేస్తే తోకలో బరువు కర్ర, రెక్కలో మెత్తటి కర్ర పడొచ్చు.

ఈ విషయంలో నాకు కళ్ళు తెరిపించింది విమానాల వాళ్ళు కాదు, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే ఒక పెద్దాయన. బొబ్బిలి వీణ ఒకే పనస దుంగలోంచి తొలుస్తారని మీకు తెలుసు, ఏకాండి వీణ. ఆయన దుంగ మీద వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, పక్కకి తిప్పి మళ్ళీ కొట్టారు. ఏం వింటున్నారని అడిగితే, నార ఎటు పోతోందో వింటున్నానన్నారు. ఇంటికొచ్చి బాల్సా పలకలన్నీ అలాగే కొట్టి చూశాను. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూశాను. కొన్నిటి మీద చేప పొలుసుల్లా చిన్న చిన్న మెరుపు మచ్చలు కనిపిస్తాయి. అలాంటి పలక అడ్డంగా వంచితే వంగదు, పుటుక్కున విరుగుతుంది. రెక్కలో రిబ్బులకి, అంటే రెక్కకి ఆకారమిచ్చే అడ్డు పలకలకి, అదే కావాలి. మచ్చలు లేకుండా పొడుగు చారలున్నది మెత్తగా వంగుతుంది. రెక్క ముందంచు చుట్టూ తొడగడానికి అది. ఇప్పుడు పలక రాగానే తూచి, బరువు పెన్సిలుతో దాని మీదే రాస్తాను. తేలికవన్నీ తోకకి.

ప్లాను కాగితం గురించి ఒక్క మాట. 6 అడుగుల ప్లానుని ముక్కలు ముక్కలుగా జిరాక్స్ తీసి అతికిస్తే అతుకు అతుకుకీ మిల్లీమీటరు తేడా వస్తుంది. మన ఊళ్ళో బ్యానర్లు వేసే ఫ్లెక్సీ షాపుకి వెళ్ళండి. ఒకే ముక్కగా వేసిస్తారు, చిరగదు, ఫెవికాల్ పడినా తుడిస్తే పోతుంది. వేయించే ముందు ప్లాను మీద సరిగ్గా ఒక మీటరు గీత గీయించండి. వచ్చాక టేపు పెట్టి కొలవండి.

ఇప్పుడు నా మొదటి పుష్పక్. పద్నాలుగు నెలలు పట్టింది. డ్యాష్‌బోర్డులో గడియారాలు, సీట్ల మీద కుట్లు, తలుపు గొళ్ళెం, రెక్క మీద ప్రతి రిబ్బుకీ బట్ట కుట్టిన గుర్తులు. ఒంటినిండా ఎనామిల్ రంగు మూడు పూతలు. చూసినవాళ్ళంతా ఆహా అన్నారు. తక్కెడలో పెడితే 3 కిలోల 700 గ్రాములు.

అందులో దాదాపు 200 గ్రాములు ఉత్త సీసం. ఎందుకో చెప్తాను. మన పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూడనివాళ్ళు ఇక్కడ లేరు. చింతమాను చివర పూజారి గారు కూర్చుని ఉంటే, ఆయన్ని ఆకాశంలోకి లేపి నిలబెట్టడానికి మొదలు దగ్గర ఎంత బరువు, ఎన్ని తాళ్ళు, ఎంతమంది మనుషులు కావాలో చూశారు కదా. ఆనిక నుంచి చివర అంత దూరం, మొదలు ఇంత దగ్గర. విమానానికి ఆ ఆనిక గరిమనాభి, మనవాళ్ళు సీజీ అంటారు. ఈ మోడల్‌లో సీజీ నుంచి ముక్కులో బరువు పెట్టే చోటు 9 అంగుళాలు, తోక పలకలు 27 అంగుళాలు. తోకలో ఒక గ్రాము పెరిగితే ముక్కులో మూడు గ్రాములు పెట్టాలి. నేను తోకకి వేసిన రంగు, లప్పం కలిసి 60 గ్రాములు దాటింది. దానికి సరితూగేలా ముక్కులో సీసం పోశాను. చూడముచ్చటగా ఉండాలని తోకకి మూడో పూత వేసిన రోజే ముక్కుకి సీసం బరువు ఖరారైంది. ఆ రోజు నాకు తెలియలేదు.

2 కిలోల 840 గ్రాములుంటే ఈ రెక్క గంటకు 33 కిలోమీటర్ల దగ్గర పట్టు తప్పుతుంది. 3 కిలోల 700 ఉంటే 38 దగ్గరే తప్పుతుంది. 45 డిగ్రీలు ఒరిగి మలుపు తీసుకుంటే అదే రెక్కకి 45 కావాలి. మొదటి రోజు లేచింది, రెండు చుట్లు తిరిగింది. దిగడానికని మోటారు తగ్గించి ఎడమకి తిప్పాను. గాలి వెనక నుంచి తోస్తోంది. కింద నిలబడి చూసేవాడికి విమానం జోరుగా వెళ్తున్నట్టే కనిపిస్తుంది, నిజానికి రెక్కకి తగిలే గాలి తక్కువ. ఇంకొంచెం తగ్గించాను. ఎడమ రెక్క ఒక్కసారి కిందికి పడింది. నేను కుడికి ఐలరాన్ ఇచ్చాను, అంటే విమానాన్ని పక్కకి ఒరిగించే రెక్క వెనకంచు పలకల్ని కదిపాను. ఆ సమయంలో ఇవ్వకూడనిది అదే. ఎడమ రెక్కకి కిందికి దిగిన ఐలరాన్ ఆ రెక్కనే ఇంకా పట్టు తప్పిస్తుంది. మోటారు పెంచి, ముక్కుని పైకి లేపే తోక పలక, అదే ఎలివేటర్, వదిలి, ముక్కు దించాలి. నలభై అడుగుల ఎత్తులో అంత ఆలోచించే వ్యవధి లేదు. చప్పుడు విన్నాక కూడా నేను కాసేపు చేతిలోని రేడియో మీద స్టిక్ లాగుతూనే ఉన్నాను. పద్నాలుగు నెలల పని గోనెసంచిలో ఇంటికొచ్చింది. మా ఆవిడ ఏమీ అనలేదు. సంచి విప్పి, విరగని చక్రాలు రెండూ తుడిచి, అలమరలో పెట్టింది. ఆ చక్రాలే ఇవి.

రెండోదానికి ప్రతి వస్తువునీ అడిగాను, పదిహేను అడుగుల నుంచి నువ్వు కనిపిస్తావా అని. కుట్ల గుర్తులు పోయాయి. తలుపు గొళ్ళెం పోయింది. పైలట్ బొమ్మ ఉంచాను, థర్మాకోల్‌తో, నడుము దాకానే. కాక్‌పిట్ ఖాళీగా ఎగిరితే ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుంది, నాకది నచ్చదు.

పాప అడిగిన మోత ఇప్పుడు. అసలు విమానాలకి నూలుబట్ట తొడిగి దాని మీద డోపు అనే ద్రవం పూసేవారు. పొందూరు ఖద్దరు పంచెకి గంజి పెట్టి ఆరేస్తే ఎలా బిగుస్తుంది? డోపు చేసే పని అదే, కాకపోతే బట్టని లాగి బిగించి, గాలి చొరబడకుండా కూడా చేస్తుంది. నేను వాడింది ఇస్త్రీ పెట్టెతో అతికించే బట్ట. ముందు అంచులు తక్కువ వేడితో అతికించి, తర్వాత మధ్యలో వేడి పెంచితే ముడుచుకుని బిగుస్తుంది. రెక్క పై పక్క కొంత, కింద పక్క కొంత, మార్చి మార్చి చేయాలి. ఒక్క పక్కే బిగిస్తే రెక్క మెలిపడుతుంది. మన తీరంలో ఇంకో ఇబ్బంది తేమ. శ్రావణ భాద్రపదాల్లో అతికించినది మాఘానికి వదులైపోతుంది, ఎండలో పెడితే మళ్ళీ బిగుస్తుంది. అందుకే ఎగరేసే ప్రతి ఉదయమూ మీటి చూస్తాను. రెండు రెక్కలూ ఒకే శ్రుతిలో ఉండాలి.

మోటారు, రేడియో సంగతి గబగబా చెప్పేస్తాను, షాపుల్లో అందరూ చెప్పేదే. 600 వాట్ల బ్రష్‌లెస్ మోటారు, 13 అంగుళాల ప్రొపెల్లర్, నాలుగు సెల్స్ లిపో బ్యాటరీ. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో. సిగ్నల్ పోతే మోటారు దానంతటదే ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకుని, నేల మీదే పరీక్షించండి. లిపో బ్యాటరీని చార్జింగ్‌లో పెట్టి నిద్రపోకండి, బయటికి వెళ్ళకండి. ఈ ఒక్కటి మాత్రం నా మీద గౌరవం ఉంటే వినండి.

ఐలరాన్ ఒక్కదానితో ఈ విమానం మలుపు తిరగదు. కుడికి ఐలరాన్ ఇస్తే ముక్కు మొదట ఎడమకి వెళ్తుంది. అసలు పుష్పక్ పైలట్లు కాలితో రడ్డర్, అంటే తోక మీది నిలువు పలక, కలిపేవారు. మనం ఎడమ బొటనవేలితో కలపాలి. ఐలరాన్ పైకి రెండు వంతులు లేస్తే కిందికి ఒక వంతే దిగేలా అమర్చుకోండి, సగం బాధ తగ్గుతుంది.

ఎక్కడ ఎగరేయాలి? సంక్రాంతి తర్వాత కోసిన వరిచేలు ఖాళీగా కనిపిస్తాయి గానీ, మోళ్ళలో చక్రం తగులుకుని విమానం పల్టీ కొడుతుంది. వేసవిలో ఎండిన చెరువు నేల మంచిది. ఊరికి, రోడ్డుకి, కరెంటు తీగలకి దూరంగా ఉండాలి. తెల్లవారుజామునే వెళ్ళాలి. ఎండెక్కాక సముద్రపు గాలి తిరుగుతుంది. డ్రోన్ రూల్స్, 2021 ఇలాంటి విమానాలకి కూడా వర్తిస్తాయి. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్లో మ్యాపు తెరిచి మీ చోటు ఏ రంగులో ఉందో చూసుకోండి, రిజిస్ట్రేషన్ సంగతీ కనుక్కోండి. ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అక్కర్లేదు. ఎరుపులో అసలు ఎగరేయకండి. భోగాపురం వైపు, విశాఖ వైపు వెళ్ళేవాళ్ళు తప్పకుండా చూసుకోవాలి. అటు మనుషులున్న విమానాలు తిరిగే ఆకాశం.

రెండో పుష్పక్ 2 కిలోల 910 గ్రాములకి తయారైంది. 70 గ్రాములు ఎక్కువ, ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను. మొదటిసారి దింపిన ఉదయం చెరువు గట్టు మీద మా మనవడు, ఇద్దరు గొర్రెల కాపర్లు ఉన్నారు. గాలి మా ముఖానికి కొడుతోంది. ఎత్తుగా, వెడల్పుగా చుట్టు తిప్పి, ఎదురుగాలికి తెచ్చి, మోటారు మూడో వంతుకి తగ్గించాను. తగ్గించాక చెయ్యి ఊరుకోదు, ఎలివేటర్ లాగాలనిపిస్తుంది. లాగలేదు. ముక్కు కొంచెం కిందికే ఉంచాను. మోకాలెత్తుకి వచ్చాక మోటారు పూర్తిగా ఆపి, అప్పుడు కొద్ది కొద్దిగా లాగాను. చక్రాల నీడ, చక్రాలు దగ్గరకొచ్చాయి. తోక దిగింది. మట్టి మీద చిన్న గీత గీసుకుంటూ వెళ్ళి ఆగింది. కాపరి ఒకాయన "అచ్చం కొంగ వాలినట్టే వాలింది" అన్నాడు. నాకు బేగంపేట కంచె గుర్తొచ్చింది.

సరే, ఇప్పుడు ఇద్దరు పిల్లలు ముందుకి రండి. నువ్వు కూడా రామ్మా, మీటావు కదా. రెక్క ముందంచు నుంచి రెండున్నర అంగుళాల దగ్గర, కింద పక్క, చిన్న టేపు ముక్క అంటించాను చూడండి. అటొకరు ఇటొకరు ఆ ముక్క కింద ఒక్క వేలే పెట్టి లేపండి. భయపడకండి, కింద నా చెయ్యి ఉంది. ముక్కు కొంచెం కిందికి వాలి నిలబడింది కదా. అలాగే ఉండాలి. ఇప్పుడు తోక మీద ఈ రూపాయి బిళ్ళ పెడుతున్నాను. వేళ్ళు కదపకండి. ముక్కు ఏమవుతుందో చూడండి.